సైబర్‌క్రైమ్: విగ్రహవాక్యం కుదరని సమాసం

కంప్యూటరు, ఫోను, వాటిని కలిపే అంతర్జాలం - వీటి ఆసరాతో గానీ వీటి మీద గానీ జరిగే నేరాలకు ఇంగ్లీషులో స్థిరపడిన ఉమ్మడి పేరు సైబర్‌క్రైమ్. తెలుగు పత్రికలకు ఇది ‘సైబర్ నేరం’. చేసేవాళ్లు ‘సైబర్ నేరగాళ్లు’, ఉపసంపాదకుడికి ఒళ్లు మండిన రోజున ‘సైబర్ కేటుగాళ్లు’. మాట పుట్టింది 1990ల తొలినాళ్లలో. అందులోని ముక్కలు మాత్రం చాలా పాతవి: మొదటిది గ్రీకు ఓడల మీది మాట, రెండోది రోమన్ న్యాయస్థానాల మాట. ఇవాళ ఠాణా బోర్డు మీద, బ్యాంకు పంపే హెచ్చరికలో, ఆ మధ్య ఫోన్ మోగే ముందు వినిపించిన ప్రకటనలో అంతటా ఇదే మాట. ఇంతగా వాడుకలో ఉన్నా దీని అర్థం మీద చట్టాలకు ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.

పోలికకు ఒక పేరు చూద్దాం. అండమాన్ దీవుల ముఖ్యపట్టణం పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం) గోల్ ఘర్ అనే పేట ఉంది. ఆ పేరూ సమాసమే. హిందుస్తానీలో గోల్ అంటే గుండ్రని, ఘర్ అంటే ఇల్లు. మన వ్యాకరణంలో అయితే విశేషణ పూర్వపద కర్మధారయం. ఇంగ్లీషు అక్షరాల్లో దాన్ని బంతాటలోని గోల్ లాగా రాస్తున్నా అర్థానికి ఢోకా లేదు. విడదీసినా కలిపినా గుండ్రని ఇల్లే. సైబర్‌క్రైమ్‌కు ఆ సుఖం లేదు. ఆ పట్టణంలో బెంగాలీ, తమిళం, హిందీ, తెలుగు పక్కపక్కనే బతుకుతాయి. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ‘సైబర్’ మాత్రం ఈ నాలుగు భాషల్లోనూ తర్జుమా కాకుండానే తిరుగుతోంది.

చుక్కాని పట్టినవాడు

గ్రీకులో ‘కుబెర్నాన్’ అంటే ఓడను నడపడం, దారి తప్పకుండా తిప్పడం. ఆ పని చేసేవాడు ‘కుబెర్నేతేస్’. బైబిలు కొత్త నిబంధనలో, అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో, పౌలు ఎక్కిన ఓడను నడిపేవాడికి గ్రీకు మూలంలో ఉన్న మాట ఇదే. ప్లేటో ఈ విద్యను రాజ్యం నడపడంతో పోల్చాడు. ఈ ధాతువు గ్రీకుకు సొంతం కాదనీ, అంతకు ముందు ఆ తీరాల్లో ఉన్న ఏదో భాష నుంచి వచ్చి ఉంటుందనీ భాషావేత్తల అనుమానం. సంస్కృతంలో బండి నొగను చెప్పే ‘కూబర’ శబ్దంతో దీన్ని ముడిపెట్టినవారున్నారు గానీ ఆ ముడి గట్టిది కాదు. కుబేరుడి దాకా లాక్కుపోయేవారిని అసలే నమ్మనక్కర్లేదు.

మన తీరాన ఈ పనికి మాటల కరవేమీ లేదు. సంస్కృతం కర్ణధారుడు అంది. పడవను తిప్పే సాధనానికి తెలుగు వాడే ‘చుక్కాని’ అరబ్బీ ‘సుక్కాన్’ నుంచి, ఓడల మీదే, మనకు చేరింది. శ్రీకాకుళం, విశాఖ తీరాల జాలరులకు పడవ పెద్ద ‘తండేలు’. అక్కడి నుంచి వెళ్లి అండమాన్‌లో స్థిరపడిన కుటుంబాలు ఆ మాటనూ వెంట తీసుకెళ్లాయి. దీవుల మధ్య తిరిగే ఓడల మీద సరంగు, లష్కరు అనే పాత కొలువు పేర్లు ఇంకా బతికే ఉన్నాయి. గ్రీకు ‘కుబెర్నేతేస్’ను పోర్ట్ బ్లెయిర్ రేవుకు తెచ్చి నిలబెడితే అతన్ని ఏమని పిలవాలో అక్కడివారికి తడుముకోవలసిన పని లేదు.

రోమన్లు గ్రీకు ‘కు’ను ‘గు’గా పలికి ‘గుబెర్నారె’ అన్నారు. అదే ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చి గవర్న్, గవర్నర్, గవర్నమెంట్ అయింది. అంటే 1982 నుంచి అండమాన్ పాలన చూస్తున్న లెఫ్టినెంట్ గవర్నర్ హోదాలోని ‘గవర్నర్’కూ, సైబర్ కేసులోని ‘సైబర్’కూ మూలపురుషుడు ఒక్కడే. ఒకటి లాటిన్ నోట నలిగి వచ్చింది. మరొకటి ఎన్నో శతాబ్దాల తరవాత పండితులు నేరుగా గ్రీకు పుస్తకాల్లోంచి తీసుకున్నది.

ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త ఆంపియర్ 1830లలో శాస్త్రాలన్నిటినీ వర్గీకరిస్తూ, పరిపాలన విద్యకు ‘సిబెర్నెతీక్’ అని పేరు పెట్టాడు. విద్యుత్తును కొలిచే ప్రమాణానికి పేరిచ్చిన ఆంపియరే ఈయన. పేరు నిలవలేదు. 1868లో భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఆవిరి యంత్రం వేగాన్ని అదుపులో ఉంచే ‘గవర్నర్’ అనే పరికరం మీద గణిత పత్రం రాశాడు. యంత్రం వేగం పెరిగితే ఆవిరి తగ్గించి, తగ్గితే పెంచే ఏర్పాటు అది. తన పని ఫలితాన్ని తానే చూసుకుని తన్ను తాను దిద్దుకునే యంత్రం అన్నమాట.

ఆ గొలుసును మళ్లీ అందుకున్నది అమెరికా గణితవేత్త నార్బర్ట్ వీనర్. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల మీద గురిపెట్టే తుపాకుల లెక్కలు చేస్తూ, యంత్రమైనా జంతువైనా సమాచారం తిరిగి అందుకుంటూనే తన కదలికను సరిచేసుకుంటుందని గమనించాడు. మెక్సికో శరీరశాస్త్రవేత్త ఆర్తురో రోసెన్‌బ్లూత్‌తో కలిసి ఆ విద్యకు ‘సైబర్నెటిక్స్’ అని పేరు పెట్టాడు. 1948లో అదే పేరుతో పుస్తకం వచ్చింది. మాక్స్‌వెల్ పత్రాన్ని గౌరవించడానికే గవర్నర్ శబ్దానికి మూలమైన గ్రీకు మాటను ఎంచుకున్నట్టు, ఓడలను తిప్పే యంత్రాలు ఈ సూత్రంతో నడిచిన తొలి సాధనాల్లో ఉన్నట్టు వీనర్ అందులోనే చెప్పాడు. 1955-56లో ఆయన కలకత్తాలోని భారత గణాంక సంస్థలో కొన్ని నెలలు పనిచేశాడు. మన తెలుగువాడు, గణాంకవేత్త సి.ఆర్. రావు కొలువు చేసిన సంస్థే అది.

ఇక్కడిదాకా ‘సైబర్’ అనేది విడిగా మాటే కాదని గుర్తుంచుకోవాలి. గ్రీకు పదాన్ని సగానికి కోసి తీసిన ముక్క అది. ఆ కోత మొదట పడింది 1960లో. మాన్‌ఫ్రెడ్ క్లైన్స్, నాథన్ క్లైన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అంతరిక్షంలో బతకగల మనిషి-యంత్ర జీవిని ఊహించి, సైబర్నెటిక్ ఆర్గనిజమ్ అనే రెండు మాటల మొదళ్లు కలిపి ‘సైబోర్గ్’ అన్నారు. 1966లో బ్రిటన్ టెలివిజన్ ధారావాహిక ‘డాక్టర్ హూ’లో ‘సైబర్‌మెన్’ వచ్చారు. 1970లలో కంట్రోల్ డేటా కంపెనీ తన పెద్ద కంప్యూటర్లకు ‘సైబర్’ అనే పేరు పెట్టింది. అదుపు, నడక అనే పాత అర్థం పలచబడుతూ, కంప్యూటర్ వాసన ఉన్నదల్లా సైబర్ అయిపోతున్న కాలం అది.

ఆ అర్థాన్ని పూర్తిగా వదిలేసింది ఒక కథకుడు. విలియం గిబ్సన్ 1982లో ‘బర్నింగ్ క్రోమ్’ కథలో ‘సైబర్‌స్పేస్’ అనే మాట వాడాడు. 1984 నాటి ‘న్యూరోమాన్సర్’ నవలతో అది ప్రపంచానికి ఎక్కింది. మాట బరువుగా ధ్వనించాలన్నదే తప్ప దానికి తన దగ్గర అర్థమేదీ లేదని ఆయనే తరవాత ఒప్పుకున్నాడు. 1960ల చివర్లోనే డెన్మార్క్ కళాకారిణి సుసన్నె ఉసింగ్ ఈ పేరు వాడినా, అప్పట్లో దానికి కంప్యూటర్ల వాసనే లేదు. 1990 ప్రాంతంలో రచయిత జాన్ పెరీ బార్లో వంటివారు గిబ్సన్ మాటను నిజమైన కంప్యూటర్ జాలానికి అంటించారు. ఆ తరవాత దేని ముందైనా సైబర్ చేర్చవచ్చన్న ధైర్యం అందరికీ వచ్చింది. సైబర్‌క్రైమ్ పుట్టింది ఆ ధైర్యంలోనే. అంటే ఈ సమాసంలోని సైబర్ గ్రీకు చుక్కాని కాదు, గిబ్సన్ ఊహించిన చోటు.

తూర్పారబట్టిన రెండో ముక్క

లాటిన్ ‘క్రిమెన్’కు మొదటి అర్థం నేరం కాదు, ఆరోపణ, న్యాయాధికారి ముందు పెట్టిన అభియోగం. ఆరోపణ నుంచి ఆరోపించిన పని అనే అర్థం నెమ్మదిగా దిగింది. జల్లించడం, వేరుచేయడం, తేల్చడం అనే అర్థాలున్న ‘కెర్నెరె’ క్రియ దీనికి మూలమని ఎక్కువమంది మాట. ఆపదలో వేసిన కేక అనే మూలాన్ని చూపినవారూ ఉన్నారు. మొదటిదే సరైతే, ధాన్యంలోంచి తాలు వేరుచేసినట్టు నిజానిజాలు తేల్చే పని ఈ మాట అడుగున ఉంది. ‘క్రైసిస్’ అనే మాటను ఇచ్చిన గ్రీకు ధాతువు దీనికి దాయాదే.

తెలుగు ‘నేరం’ కథ వేరు. నేర్చు, నేర్పు, చెప్పనేరడు, చేయనేరదు - ఈ కుటుంబంలో ‘నేరమి’ అంటే చేతకానితనం, తెలియనితనం. తప్పు అనే అర్థమూ దానికి ఉంది. నేరం ఆ ఇంటి బిడ్డే. అంటే తెలుగువాడి దృష్టిలో నేరం నేర్పు లేకపోవడం. దాని ముందు సైబర్ చేరేసరికి, నేర్పు మితిమీరిన వాడు చేసే పనికి ఇదే మాట వాడవలసి రావడం తెలుగుకు పట్టిన చిన్న విడ్డూరం.

విగ్రహవాక్యం

సమాసం అర్థం కావాలంటే విగ్రహవాక్యం చెప్పమంటారు మన తెలుగు పంతుళ్లు. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం మొదలైందీ ఆ ఏడే. వాటికి సంబంధం లేదు, ఏడాది కలిసిందంతే. ఆ వ్యాకరణం సమాసాలను సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రం అని విభజించింది. సంస్కృతాన్నీ తెలుగునూ ఇష్టం వచ్చినట్టు అతికితే పాత పండితులు వైరి సమాసం అని ముఖం చిట్లించేవారు. గ్రీకు ముక్కకు తెలుగు నేరాన్ని అతికిన ‘సైబర్ నేరం’ వారి కంట పడలేదు గనక బతికింది.

ఇప్పుడు విగ్రహవాక్యం చెప్పి చూడండి. కంప్యూటరు చేత చేసిన నేరమా? అది తృతీయా తత్పురుష. కంప్యూటరుకు చేసిన నేరమా? షష్ఠి. సైబర్‌లోకమందు జరిగిన నేరమా? సప్తమి. మూడూ కుదురుతాయి. ఇబ్బంది అక్కడే ఉంది. నేరశాస్త్రంలో ముప్పై ఏళ్లుగా నడుస్తున్న వాదమంతా నిజానికి ఈ విభక్తుల తగాదానే. బ్రిటన్ అధికారులు సాంకేతికత లేకుండా జరగనే జరగని నేరాలనూ, సాంకేతికత వల్ల విస్తృతి పెరిగిన పాత నేరాలనూ వేరుచేసి చెబుతారు. అంటే షష్ఠిని ఒక పక్కన, తృతీయను ఒక పక్కన పెట్టారు.

మన నేల మీద రెండింటికీ ఉదాహరణలున్నాయి. 2017 మే 12న ‘వాన్నక్రై’ అనే వైరస్ 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లను బిగదీసింది. విండోస్‌లోని లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే మందు విడుదల చేసినా, వేసుకోనివారు వేసుకోలేదు. ఫైళ్లకు తాళం వేసి, తెరవాలంటే బిట్‌కాయిన్లలో 300 డాలర్లు కట్టమంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ దెబ్బ తగిలింది పోలీసు శాఖ కంప్యూటర్లకే. కేసు రాసుకోవలసిన యంత్రమే బాధితురాలయింది. నికార్సయిన షష్ఠి ఇది: కంప్యూటరుకు జరిగిన నేరం. దీనికి ఇంగ్లీషులో రాన్సమ్‌వేర్ అని ఇంకో సమాసం ఉంది. అందులో మొదటి ముక్క, బందీని విడిపించే సొమ్ము, లాటిన్ ‘రెదెంప్తియో’ ఫ్రెంచి నోట అరిగి మిగిలినది. చర్చిలో పాపవిమోచనానికి వాడే ‘రిడెంప్షన్’ దాని తోబుట్టువు.

‘డిజిటల్ అరెస్ట్’ తృతీయకు ఉదాహరణ. వీడియో కాల్‌లో పోలీసు దుస్తులు వేసుకుని, మీ పేరున మత్తుమందుల పార్శిల్ దొరికిందని బెదిరించి, కెమెరా ముందు నుంచి కదలనివ్వక డబ్బు బదిలీ చేయించుకోవడం ఇందులోని తంతు. ఇక్కడ ఎవరి కంప్యూటరుకూ ఏమీ కాదు. బెదిరింపు పాతదే, వేషం పాతదే, ఫోన్ ఒక్కటే కొత్త. ఈ మాటలోని రెండు ముక్కలూ అబద్ధమే: అరెస్టు లేదు, డిజిటల్‌గా అరెస్టు చేసే అధికారం భారత చట్టంలో ఎవరికీ లేదు. 2024 అక్టోబరు 27న ప్రధాని తన రేడియో ప్రసంగంలో ఈ సంగతే చెప్పవలసి వచ్చింది. నేరగాడు పెట్టిన పేరునే పోలీసులూ పత్రికలూ వాడటం నాకైతే తప్పుగా తోస్తుంది. లేని అధికారానికి అది ఉన్నట్టు పరువు కట్టబెడుతుంది.

రెండు విభక్తులకూ లొంగనివీ ఉన్నాయి. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక ముఠాను బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి యువకులను కంబోడియాకు పంపి, అక్కడ నిర్బంధించి, ఫోన్ మోసాలు చేయించిన ముఠా అది. అందులో మోసం చేసిన చేతులే బాధితుల చేతులు. పత్రికలు దానికి ‘సైబర్ బానిసత్వం’ అని ఇంకో సమాసం కట్టాయి. పోర్ట్ బ్లెయిర్‌కు ఓడలు బయలుదేరే రేవుల్లో విశాఖ ఒకటి. సముద్రం దాటించి వెట్టి చేయించడం ఆ దారికి కొత్త కాదు.

చట్టంలో సైబర్

భారత సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. నేరాలను వివరంగా చెప్పే ఆ చట్టం సైబర్‌క్రైమ్‌ను నిర్వచించలేదు. 2008 సవరణతో ‘సైబర్ కేఫ్’కు, ‘సైబర్ భద్రత’కు నిర్వచనాలు వచ్చాయి, 66ఎఫ్ సెక్షన్‌లో ‘సైబర్ ఉగ్రవాదం’ వచ్చింది. జనం నెట్ సెంటర్ అని పిలిచే దుకాణానికి దొరికిన నిర్వచనం అసలు నేరానికి దొరకలేదు. 2024 జూలై 1న అమలైన భారతీయ న్యాయ సంహిత 111వ సెక్షన్‌లో, వ్యవస్థీకృత నేరాల జాబితాలో, సైబర్ నేరాలు పేరుతో సహా చేరాయి. నిర్వచనం మాత్రం అక్కడా లేదు. పేరు ముందు వచ్చి అర్థం వెనక నడుస్తున్న మాట ఇది.

తెలుగునాట ‘సైబర్’ నేరం కంటే ముందు ఊరికి అంటుకుంది. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ చుట్టుపక్కల ప్రాంతం ‘సైబరాబాద్’ అయింది. గ్రీకు తలకు పారశీక ‘ఆబాద్’ మొండెం. ఈ ఒక్క చోట సైబర్ అంటే భయం కాదు, ఉద్యోగం. ఆ పేరుతోనే పోలీసు కమిషనరేట్ వచ్చింది, దాని కింద సైబర్ క్రైమ్ ఠాణా. ఒకే సైబర్ ఒక బోర్డు మీద గొప్పకు, ఇంకో బోర్డు మీద నేరానికి.

అండమాన్‌కు ఈ మాట ఆలస్యంగా అందింది. ఆ దీవులు చాలాకాలం ఉపగ్రహాల మీదే ఆధారపడ్డాయి. నెట్ నెమ్మది, ఖరీదు ఎక్కువ. 2020 ఆగస్టు 10న చెన్నై-పోర్ట్ బ్లెయిర్ సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. దీవుల మధ్య తీగలూ కలుపుకుని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు సుమారు 1,224 కోట్ల రూపాయలు. స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ దాకా తీగ వెళ్లింది. దాంతో బ్యాంకు పని, చదువు, టికెట్లు ఇంటికే వచ్చాయి, నేరమూ వచ్చింది. 1906లో కట్టడం ముగిసిన పోర్ట్ బ్లెయిర్ సెల్యులర్ జైలుకు దాదాపు ఏడు వందల గదులున్నా, ఖైదీకి అసలు గోడ చుట్టూ ఉన్న సముద్రమే. సైబర్ నేరంలో మాత్రం నేరగాడు ఏ రాష్ట్రంలోనో కూర్చుంటాడు, బాధితుడు దీవిలో ఉంటాడు, డబ్బు మూడో చోట పడుతుంది. సముద్రం అడ్డు రాదు.

చట్టం కూడా ఎల్లలను కొంత సడలించుకుంది. సమాచార సాంకేతిక చట్టం 75వ సెక్షన్ ప్రకారం, నేరం దేశం బయట చేసినా అందులో ఇక్కడి కంప్యూటర్ చిక్కుకుంటే మన చట్టం వర్తిస్తుంది. 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్ష సంహిత ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదును ఏ ఠాణాలోనైనా తీసుకోవాలి. గోల్ ఘర్ నివాసి మోసగాడి ఊరు వెతుక్కుంటూ ఓడ ఎక్కనక్కర్లేదు.

ప్రపంచ స్థాయిలో ఈ మాటకు రాజముద్ర వేసింది 2001 నవంబరు 23న బుడాపెస్ట్‌లో సంతకాలకు పెట్టిన ఒప్పందం. 2004 జూలై 1న అమలైంది. రూపకల్పనలో తమకు చోటు ఇవ్వలేదన్న కారణం చెబుతూ భారత్ అందులో చేరలేదు. 2024 డిసెంబరు 24న ఐక్యరాజ్య సమితి సాధారణ సభ మరో ఒప్పందాన్ని ఆమోదించింది. చర్చల్లో కొన్ని దేశాలు ‘సైబర్‌క్రైమ్’ చాలని, మరికొన్ని ‘సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికతను వాడి చేసే నేరాలు’ అనాలని పట్టుబట్టాయి. చివరికి రెండింటినీ ఒకే శీర్షికలో కూర్చారు. సమాసమూ ఉంది, దాని విగ్రహవాక్యమూ ఉంది, అదీ తృతీయలోనే.

భారత ప్రభుత్వం ఫిర్యాదుల కోసం నడిపే పోర్టల్ చిరునామాలో మొదటి మాట ‘సైబర్‌క్రైమ్’ అనే ఉంటుంది. డబ్బు పోయిందని తెలిసిన క్షణాన ఆ చిరునామా గుర్తురాకపోయినా పరవాలేదు, 1930కి ఫోన్ చేయండి. ఆ నంబరు దేశమంతటికీ ఒక్కటే, అండమాన్‌లోనూ అదే. ఎంత త్వరగా చెబితే డబ్బును దారిలోనే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.